పాచిపెంట గ్రౌండ్‌లో రెండో ఛాన్స్

సాలూరులో బస్సు దిగి ఆటో ఎక్కితే పాచిపెంట ఎంతో దూరం కాదు. ముందు వరి మళ్లు, తర్వాత జీడితోటలు, వాటి వెనకే కొండలు. చాలామంది పెద్దగెడ్డ రిజర్వాయర్ చూసి, నాలుగు సెల్ఫీలు దిగి వెళ్లిపోతారు. సంక్రాంతి టైంలో వస్తే మాత్రం ఏదో ఒక ఊళ్లో వాలీబాల్ నెట్టో, క్రికెట్ వికెట్లో కనిపిస్తాయి. అక్కడ కాసేపు ఆగండి. ఆట కంటే ఆట పక్కన జరిగే గొడవే బాగుంటుంది.

నాకౌటా, లీగా? అదే గొడవ.

కొండ మీది గూడెం కుర్రాళ్లు చీకటితోనే లేచి, కొంత నడిచి, కొంత ఆటోలో వేలాడుతూ గ్రౌండ్‌కి చేరతారు. ఎంట్రీ ఫీజు తలా కొంత వేసుకున్నదే. మొదటి మ్యాచ్‌లో ఓడితే పది గంటలకల్లా మళ్లీ కొండెక్కాలి. రోడ్డు పక్క ఊరి టీమ్ ఓడితే ఇంటికెళ్లి అన్నం తిని, ఫైనల్ చూడ్డానికి వస్తుంది. ఓటమి ఒకటే గానీ ఖర్చు ఒకటి కాదు. "ఇంత దూరం వచ్చాం కదన్నా, ఇంకో ఆట ఆడనియ్యండి" అని బతిమాలేది అందుకే.

పోటీలు పెట్టేవాళ్ల మాటా కొట్టిపారేయలేం. 16 టీమ్‌లు వస్తే నాకౌట్‌లో 15 మ్యాచ్‌లతో పని అయిపోతుంది. నాలుగేసి టీమ్‌లతో 4 గ్రూపులు చేసి, గ్రూపు విన్నర్లకి సెమీస్ పెడితే 27 అవుతాయి. గ్రౌండ్ ఒక్కటే. జనవరి పొద్దేమో కొండ వెనక్కి తొందరగా దిగిపోతుంది.

ఇది పాచిపెంట గొడవే అనుకోకండి. అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో (మెస్సీ ఆడేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేది) 2014 సీజన్ నుంచి 4 టీమ్‌ల ప్లేఆఫ్ ఉండేది. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13కి 13 మ్యాచ్‌లూ గెలిచింది. అయినా కమిటీ దాన్ని పక్కన పెట్టింది. వాళ్ల మెయిన్ క్వార్టర్‌బ్యాక్‌కి గాయమైందని, ఇది మునుపటి టీమ్ కాదని లెక్కేసింది! ప్లేఆఫ్‌ని 12 టీమ్‌లకి పెంచాలని అప్పటికే అనుకున్నారు, అమలైంది 2024లో. మన ఐపీఎల్‌లో అయితే 2011 నుంచి టాప్ 2 టీమ్‌లకి రెండో ఛాన్స్ ఉంది.

ఇక్కడ పై మెట్లు ఎక్కడమూ ఖర్చే. 2023 డిసెంబర్ 26న మొదలైన 'ఆడుదాం ఆంధ్రా'లో సచివాలయం, మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం అని ఐదు లెవెల్స్ ఉండేవి. గెలిచేకొద్దీ ఇల్లు ఇంకా దూరమయ్యేది.

నా ఓటు మధ్యేమార్గానికి. మొదటి రౌండ్‌లో ఓడిన 8 టీమ్‌లకి వాళ్లలో వాళ్లకే ఇంకో మ్యాచ్ పెట్టండి. మొత్తం 19 అవుతాయి, ప్రతి టీమూ కనీసం రెండు ఆడుతుంది. వాలీబాల్‌లో ఆ నాలుగూ 15 పాయింట్ల సింగిల్ సెట్లు చేస్తే ఒక పూట కూడా పట్టదు. ఇంకోటి, కొండ మీది టీమ్‌లకి పొద్దున్నే ఫస్ట్ మ్యాచ్ వెయ్యకండి బాబూ.