రిజిస్టరులో నడిచిన క్లినిక్

హుస్సేనారా ఖాటూన్ కేసును (1979) చాలా ఏళ్లు పాఠం చెప్పాను. నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గిపోయిన బీహార్ మనుషుల గురించి తరగతిలో ఆవేశంగా మాట్లాడేవాణ్ని. మా కాలేజీకి కూతవేటు దూరంలో సబ్‌ జైలు ఉంది. అక్కడికి ఒక్క విద్యార్థినీ పంపలేదు.

డీన్ అయ్యాక నా తప్పు ఇంకా పెరిగింది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీ న్యాయ సహాయ క్లినిక్ నడపాలి. మాకూ ఉండేది: గది, బోర్డు, రిజిస్టరు. తనిఖీకి ముందు ఆ రిజిస్టరు నింపించి సంతకం పెట్టింది నేనే. నా శ్రద్ధంతా మూట్ కోర్టు పోటీల మీద. క్లినిక్ ఎలా నడపాలో చెప్పే మాధవ మీనన్ పుస్తకం నా బీరువాలోనే ఉండేది.

ఒక విద్యార్థిని పట్టుబట్టి అడిగితే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా అనుమతి తెచ్చి చివరికి ఆ జైలుకు వెళ్లాం. దొంగతనం కేసులో ఉన్న ఒకతనికి బెయిలు ఎప్పుడో వచ్చింది. జామీను ఉండేవాళ్లు లేక లోపలే ఉండిపోయాడు. ఆ నేరానికి గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. అందులో సగం గడిస్తే విడుదల కోరవచ్చని చెప్పే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 436ఎ సెక్షన్ 2006 నుంచీ అమల్లో ఉండేది. 18 నెలలు దాటిపోయాయని ఎవరూ లెక్క చూడలేదు. ప్యానెల్ న్యాయవాది పిటిషన్ వేశారు. సొంత పూచీకత్తుపై మేజిస్ట్రేట్ వదిలేశారు. అతను లోపల అదనంగా గడిపిన రోజుల్లోనే, గోడకు ఇవతల నేను ఆ సెక్షన్‌ను ఐదు మార్కుల ప్రశ్నగా ఇస్తున్నాను. ఆ సంగతి నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

2024 జులై 1 నుంచి ఆ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ వచ్చింది. గతంలో ఎన్నడూ శిక్ష పడనివారికి మూడో వంతు గడిస్తే చాలు. కోర్టుకు దరఖాస్తు చేయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని ఆ ఆగస్టులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా లెక్క దానంతటది తేలదు. పాత శిక్షలున్నాయా, వేరే కేసులు పెండింగులో ఉన్నాయా అని ఒకరు కూర్చుని చూడాలి. నాలుగో ఏడాది విద్యార్థి చేయగల పనే ఇది.

ఈమధ్య నా శిష్యురాలొకరు డీన్‌గా చేరుతూ, ముందుగా ఏం చేయమంటారని అడిగింది. జైలుకు ఉత్తరం రాయమ్మా అన్నాను. అరెస్టు తేదీ, సెక్షన్లు, బెయిలు ఉత్తర్వు, జామీను సంగతి అడుగు. వచ్చిన పట్టిక నువ్వే మొదట చదువు, గుమస్తాకు వదిలేయకు అని చెప్పాను.