వంటగది పొగ నేర్పిన పాఠం

ప్రియమైన తమ్ముళ్లకు,

మన హాస్టల్ వంటగది అనగానే నాకు ముందు గుర్తొచ్చేది పొగ. కట్టెల పొయ్యి ముందు దగ్గుతూ మాకు అన్నం వండిన ఆయమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. గోడల మీది మసిలో మేము వేలితో పేర్లు రాసుకునేవాళ్లం. ఆ మసి ఆమె గుండెల్లోకి కూడా పోతోందని అప్పుడు తెలియలేదు.

ఐటీఐ ఫిట్టర్ పూర్తిచేసి, హైదరాబాదులో హోటళ్ల వంటగదులకు హుడ్లు, పొగగొట్టాలు బిగించే పనిలో చేరాను. పొగతో పాటు లేచే నూనె తుంపరలు గొట్టంలోకి పోకుండా ఆపడానికి హుడ్‌లో ఫిల్టర్లు పెడతారు.

మొదట్లో ఒక హోటల్ యజమాని ధర తగ్గించమన్నారు. స్టీలు మంచిదని తెలిసి కూడా అల్యూమినియం జాలీలు రాసిచ్చాను. కొన్ని నెలలకే అవి జిడ్డుతో పూడుకుపోయాయి. ఒకరోజు తాలింపు మంట ఎగిసి ఆ జిడ్డుకు అంటుకుంది. సన్నని తీగల జాలీ కరిగి కింద పడింది. వంట మాస్టారి చెయ్యి కాలింది.

ఆసుపత్రికి వెళితే ఆయన, "నువ్వేం చేస్తావు బాబూ, వాళ్లు అడిగిందే ఇచ్చావు" అన్నారు. తల ఎత్తలేకపోయాను. వాళ్లు తెలియక అడిగారు. తెలిసిన నేను చెప్పలేదు.

ఆ తర్వాత పని శ్రద్ధగా నేర్చుకున్నాను. జాలీ జిడ్డును తనలోనే దాచుకుంటుంది, అదే మంటకు మేత. బ్యాఫిల్ ఫిల్టర్‌లో మడత రేకులుంటాయి. గాలి వాటి మధ్య గిరుక్కున తిరుగుతుంది. బరువైన నూనె తిరగలేక రేకుకు తగిలి, కిందికి జారి గిన్నెలో పడుతుంది. అమెరికాలోని ఎన్‌ఎఫ్‌పీఏ 96 అనే అగ్ని భద్రతా ప్రమాణం మామూలు జాలీని ఒప్పుకోదు. ఫిల్టర్లను కనీసం 45 డిగ్రీల వాలులో పెట్టమంటుంది.

ఇక లోహం సంగతి. అల్యూమినియం తేలిక, చవక. కానీ 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. కాస్టిక్ సోడాతో కడిగితే తినేసుకుపోతుంది. జీఐ రేకు పైపూత పోయాక తుప్పు పడుతుంది. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు సుమారు 1400 డిగ్రీల దాకా కరగదు, రోజూ కడిగినా తట్టుకుంటుంది. 430 గ్రేడుకు అయస్కాంతం అంటుకుంటుంది. అది కూడా స్టెయిన్‌లెస్ స్టీలే, ధర తక్కువ, కానీ ఉప్పు, తేమ ఉన్నచోట 304 అంత నిలవదు. ఏది పెట్టినా కడగకపోతే అన్నీ ఒకటే.

ఇప్పుడు ఎవరైనా ధర తగ్గించమంటే హుడ్ పైన మెరుపు తగ్గిస్తాను. ఫిల్టర్ జోలికి మాత్రం వెళ్లను. రెండు పనులు పోయాయి. బాధ లేదు.

మన వంటగదికి హుడ్ పెట్టిద్దామని పూర్వ విద్యార్థులం అనుకుంటున్నాం. కొటేషన్ నేనే రాస్తాను. అందులో జాలీ ఉండదు. తమ్ముళ్లూ, రేపు మీరు ఏ పనిలో చేరినా, మీరు రాసిచ్చే కాగితం కింద ఎవరో ఒకరు నిలబడి వంట చేస్తుంటారని మరచిపోకండి.

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి