జొన్న బెండు మునిగేదాకా

మా బోధన్ వైపు సన్న గాలానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. చేతికి బరువు తెలియని వెదురు కర్ర, అంతే పొడవు నైలాన్ దారం, జొన్న బెండు, చిటికెన వేలి గోరంత గాలం, దానికో ఎర్ర ముక్క.

నీలగిరుల చల్లని వాగుల్లో బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలిన ట్రౌట్ కోసం ఇంతే సన్నని దారాలతో గంటలకొద్దీ నిలబడేవాళ్లున్నారు. మా వేడి నీళ్లలో ట్రౌట్ బతకదు. మాకు పరకలున్నాయి: వేలెడు పొడవు, వెండి పొలుసులు, తోక దగ్గర నల్ల చుక్క.

1931లో పూర్తయిన నిజాంసాగర్ నుంచి మంజీర నీళ్లు చెరుకు తోటల్లోకి పారాయి. ఆ చెరుకును నమ్ముకునే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. నీళ్ల వెంట పరకలూ వచ్చాయి. చిన్నప్పుడు బాపుతో పిల్లకాలువ గట్టున కూర్చునేవాణ్ణి. "నీడ నీళ్ల మీద పడనియ్యకు బిడ్డా" అనేవాడు. పడితే గుంపంతా చెదిరిపోయేది. బెండు మొదట వణుకుతుంది, అప్పుడు లాగొద్దు. పరక నోరు చిన్నది, ఎరను కొరుక్కు తింటుంది. బెండు పక్కకు జరిగి మునిగినప్పుడే మణికట్టు మెల్లగా ఎత్తాలి. ఆ వేలెడు చేప కొట్టుకునే అదురు మోచేతిదాకా పాకుతుంది. కొర్రమీను పడ్డప్పుడు కూడా నాకంత సంబరం కలగలేదు.

2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది. చాలా చెలకల్లో చెరుకు పోయి వరి వచ్చింది. మొన్న కాలువ వదిలాక వెళ్లాను. మందు కొట్టిన మడి నీళ్లు దిగేచోట ఒక్క పరకా తగల్లేదు. ఎగువన, తుంగ మొలిచిన మలుపు దగ్గర మూడు పడ్డాయి. చేతులు తడుపుకుని, గాలం తీసి, ఒక్కొక్కటే వదిలాను. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను.