ఫోన్‌ వచ్చేదాకా...

భర్త లారీ ఘాట్‌రోడ్డులో ఉందంటే సాలూరులో ఆ ఇల్లాలికి కంటి మీద కునుకుండదు. సుంకి మలుపులు దిగి ఆయన ఫోన్‌ చేసేదాకా జాగారమే. లారీలకు పేరుపడ్డ ఊళ్లో ఇలాంటి రాత్రులు చాలా ఇళ్లకు మామూలే! ఒకప్పుడు ఆమెకు తోడు అద్దెకు తెచ్చుకున్న మధుబాబు షాడో నవలలు. ఇప్పుడేమో కూతురి ఫోన్లో కొరియా సినిమాలు. కింద పడే ఇంగ్లిషు అక్షరాల్ని పిల్ల చదివి చెబుతుంది. పరుగు మొదలయ్యాక అదీ అక్కర్లేదు.

'ద ఛేజర్‌' (2008) ఆమెకు మహా ఇష్టం. హంతకుడెవరో ముందే తెలిసిపోతుంది, దొరికిపోతాడు కూడా. కానీ సాక్ష్యం లేకపోతే గంటల్లో వదిలేయాలి. అవతల ఓ అమ్మాయి కొన ఊపిరితో ఉంది. ఇక దర్శకుడు నా హాంగ్‌-జిన్‌ మంచినీళ్లకైనా లేవనిస్తాడా!

'మెమొరీస్‌ ఆఫ్‌ మర్డర్‌' (2003) మాత్రం రెండోసారి చూడనంది. 1986-91 మధ్య హ్వాసాంగ్‌లో జరిగిన హత్యల ఆధారంగా తీసిందది. సినిమాలో దోషి దొరకడు. నిజజీవితంలో 2019లో డీఎన్‌ఏ పట్టించింది... వేరే హత్య కేసులో అప్పటికే జైల్లో ఉన్నాడు. వాటిలో ఒక హత్యకు ఏ పాపం ఎరగని మనిషి దాదాపు 20 ఏళ్లు శిక్ష అనుభవించి, 2020లో నిర్దోషిగా తేలాడు. కూతురు ఈ సంగతి చెబితే ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

''అన్నేళ్లూ ఆడి కోసం ఎవులు మేలుకున్నారో ఏటో!'' అంది చివరికి.

మళ్లీ 'ఛేజర్‌' పెట్టారు. తలుపు తెరుచుకోబోతోంది... సరిగ్గా అప్పుడే తెరమీద 'నాన్న' అని వెలిగింది.