ఇసుకలో పరిచిన నాలుగు తాళ్లు

మా దుత్తలూరు మెట్ట ప్రాంతం. సముద్రం మాకు దూరం. ఇక్కడ తాడంటే మోటారుకు కట్టి బోరులోకి వదిలేదే. అది తెగిందంటే మోటారుతో పాటు బోరు మీదా ఆశ వదులుకోవాల్సిందే. అందుకే దించే ముందు మావాళ్లు దాన్ని చివరిదాకా చేత్తో తడిమి చూస్తారు. రామేశ్వరం దగ్గర కైట్‌సర్ఫింగ్ నేర్పే చోటికి వెళ్తే అక్కడా అదే పద్ధతి కనిపించింది.

పెద్ద గాలిపటాన్ని నడుముకు తగిలించుకుని, పలక మీద నిలబడి నీళ్లపై దూసుకుపోయే ఆట ఇది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి చెందిన లెగెన్యూ అన్నదమ్ములు 1984లో గాలి నింపే గాలిపటానికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వచ్చేసరికి మార్సెయ్ తీరంలో దీనికి పతకాలే ఇచ్చారు. మన దేశంలో రామేశ్వరం, తూత్తుకుడి తీరాలు ఈ ఆటకు పేరుమోశాయి. అక్కడ నీళ్లు లోతు తక్కువ, గాలి నిలకడ ఎక్కువ.

నా ఆసక్తంతా సామాను పాక మీదే. ఆటగాడు రెండు చేతులా పట్టుకునే బార్లు అక్కడ వరసగా వేలాడుతున్నాయి. ఒక్కో బారు నుంచి గాలిపటానికి నాలుగు సన్నటి తాళ్లు, ఇరవై మీటర్లకు పైగా పొడవు. మధ్య రెండూ బరువు మోస్తాయి, చివరి రెండూ దారి తిప్పుతాయి.

శిక్షకుడు ఒక బారు తీసి తాళ్లను ఇసుకలో పరిచాడు. నాలుగింటి కొసలనూ ఒకే గుంజకు తగిలించి, వెనక్కి నడిచి బిగించి లాగాడు. నాలుగూ ఒకేలా బిగిస్తే తాళ్లు సమంగా ఉన్నట్టు. అవి అలా బిగియలేదు. బరువంతా మోసే మధ్య తాళ్లు వాడగా వాడగా సాగుతాయి. అప్పుడు చివరి తాళ్లు పొట్టివైపోయి, గాలిపటం వెనక్కి జారి కూలబడుతుంది. నేర్చుకునేవాడు మాత్రం గాలి చాల్లేదనుకుంటాడు! కొసన ఉన్న ముడుల్లో ఒకటి జరిపితే చాలు, సరిపోతుంది. తాడే పాడైతే ఎడమకూ కుడికీ కలిపి జతగా మార్చాలి. కొత్తదీ పాతదీ ఒకేలా సాగవు.

తర్వాత ప్రతి తాడునూ వేళ్ల మధ్య నుంచి మెల్లగా జార్చాడు. ఇవి డైనీమా తాళ్లు. బరువుతో పోలిస్తే ఉక్కును మించిన బలం, కానీ ముడి పడితే ఆ బలం దాదాపు సగానికి పడిపోతుంది. ఒకదానిమీద ఒకటి రాసుకుంటే పుట్టే వేడికి కరిగి తెగుతాయి కూడా. నూగు లేచిన చోట, ముడి తగిలిన చోట అతని వేళ్లు ఆగిపోయేవి. గాలిలో ఉన్న తాడును చేతికి చుట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాడు. బిగిస్తే వేలు తెగుతుంది.

అసలు విషయం నడుము దగ్గరుండే క్విక్ రిలీజ్ అనే మీట. ప్రమాదంలో దాన్ని ముందుకు తోస్తే కొక్కెం విడిపోతుంది, గాలిపటం బలం కోల్పోయి ఒక్క తాడు మీద రెపరెపలాడుతూ నీళ్లలో వాలుతుంది. అప్పటికీ లాగుతుంటే భద్రతా తాడుకున్న రెండో మీట విడిచి మొత్తం వదిలేయాలి. గాలి వేగం రెండింతలైతే లాగే బలం నాలుగింతలవుతుంది కాబట్టి, ఆలోచించే వ్యవధి ఉండదు.

ఈ మీటకు శత్రువు ఇసుక. బారును మంచినీళ్ల బకెట్‌లో ముంచి మీటను పదేపదే ఆడించాడు. నూనె రాయడు. నూనెకు ఇసుక అంటుకుంటుంది. ఆ తర్వాత కొక్కేన్ని గుంజకు తగిలించి, ఒంటి బరువంతా వెనక్కి వేసి, ఒంటిచేత్తో తోశాడు. ఇందాక ఖాళీగా సులువుగా కదిలిన మీట, బరువు పడగానే కదల్లేదు. నాకు గుండె ఝల్లుమంది. ఖాళీగా చూసి సరేననుకుని ఎవరికైనా ఇచ్చి ఉంటే?

అరగదీసో, తీగ కట్టో సరిచేస్తాడనుకున్నాను. ఆ భాగాన్ని ఊడదీసి పక్కన పడేశాడు. గాలిపటం గుడ్డ చిరిగితే అతికిస్తాడట, ఇది మాత్రం కంపెనీ భాగమే రావాలి. ఇలాంటి మీటలకు 2020లో ఐఎస్‌ఓ 21853 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అంత జాగ్రత్తగా కొలిచి చేసిన వస్తువు మీద నాటు వైద్యం పనికిరాదని నాకూ అనిపించింది.

మన మైపాడు తీరంలోనూ ఎప్పుడో ఎవరో ఈ ఆట మొదలుపెట్టవచ్చు. గాలిపటాలు కొనే ముందు అలాంటి గుంజను పాతించమని వాళ్లను అడగాలని ఉంది.