పీఠం ఒకటి, అర్హులు ఇద్దరు



ఆలయార్చకుడు అమెరికా ఫుట్‌బాల్ క్రీడను గూర్చి వ్రాయడం మీలో కొందరికి విస్మయాన్ని, మరికొందరికి ఆక్షేపణను కలిగించవచ్చు. అయినా సాహసిస్తున్నాను. 2024వ సంవత్సరంలో ఒక జట్టులో నాయకస్థానం కోసం జరిగిన పోటీని చూస్తూ, నా అంతరంగంలో నేను కనుగొన్న ఒక దోషాన్ని మీ ముందు నివేదించుకోవాలన్నదే నా సంకల్పం.

నేను గౌతమీతీరంలో పుట్టి, తొమ్మిదవ ఏట వేదపాఠశాలలో చేరి, కృష్ణయజుర్వేదాన్ని గురుముఖతః అధ్యయనం చేసినవాణ్ణి. పదునెనిమిదేళ్ళుగా పిట్స్‌బర్గ్ నగర సమీపంలోని ఒక ఆలయంలో అర్చకత్వం నిర్వహిస్తున్నాను. ఈ నగరంలో అలెఘెనీ, మొనాంగహేలా అనే రెండు నదులు సంగమించి ఒహైయో నది అవుతుంది. ఆ సంగమానికి ఎదురుగా, ఉత్తరపు ఒడ్డున స్టీలర్స్ జట్టు క్రీడాప్రాంగణం ఉంది. శరదృతువు రాగానే ఆదివారాలలో భక్తులు నలుపు, పసుపు వర్ణాల చొక్కాలు ధరించి వచ్చి, అర్చన చేయించుకుని, తీర్థప్రసాదాలు స్వీకరించి, మధ్యాహ్నం ఒంటిగంటలోపే త్వరత్వరగా నిష్క్రమిస్తారు. తొలినాళ్ళలో ఆ తొందర నాకు ఖేదం కలిగించేది. కాలక్రమంలో నా కుమారుడే ఆ విద్యలో నాకు గురువయ్యాడు. శిష్యుడు గురువును మించకపోయినా, వ్యసనంలో మాత్రం మించాడు.

ఆట ఎరుగనివారికి రెండు మాటలు. ఒక్కొక్క పక్షాన పదకొండుగురు. బంతి చేతనున్న పక్షం నాలుగు ప్రయత్నాలలో పది గజాలైనా ముందుకు సాగాలి. లేకున్నచో బంతి ప్రతిపక్షానికి పోతుంది. ఆ పదకొండుగురిలో ప్రతి ప్రయత్నానికీ ఆరంభకుడు క్వార్టర్‌బ్యాక్. బంతిని ఎవరికి అందించాలో, ఎవరికి విసరాలో, తానే పరుగెత్తాలో నిర్ణయించేది అతడే. అతని శిరస్త్రాణంలో ఒక రేడియో ఉంటుంది; శిక్షకుని ఆదేశం దానిలో వినిపిస్తుంది. కానీ ఆరంభానికి గడువు పదిహేను క్షణాలు మిగిలినప్పుడు ఆ స్వరం ఆగిపోతుంది. అటుపైన నేర్చిన విద్య, ఎదుట నిలిచిన శత్రువ్యూహం, తాను! ఈ నియమం విన్నప్పుడే నాకు ఆ స్థానంపై గౌరవం కలిగింది. గురువు చెప్పినంతవరకూ చెప్పి మౌనం వహించిన తరువాతనే కదా విద్యార్థి పరీక్ష మొదలయ్యేది!

ఆ స్థానం ఒక్కటే. ఇద్దరు కలిసి అలంకరించదగినది కాదు. 2004లో ఈ జట్టు క్వార్టర్‌బ్యాక్ టామీ మాడక్స్ గాయపడగా, కొత్తగా వచ్చిన బెన్ రాత్లిస్‌బర్గర్ ఆ స్థానంలోకి వచ్చి, ఆ ఏడాది సాధారణ పోటీలలో తాను ఆరంభించిన పదమూడింటినీ గెలిచాడు. ఒకరి గాయం మరొకరికి ద్వారమైంది. అతడు పద్దెనిమిది ఋతువులు ఆడి, జట్టుకు రెండు మహావిజయాలు సాధించిపెట్టి, 2022 జనవరిలో విరమించాడు. అప్పటినుండి ఆ పీఠానికి స్థిరత్వం లేదు.

2024 మార్చిలో ఇద్దరు వచ్చారు. మొదటివాడు రస్సెల్ విల్సన్; వయస్సు ముప్పై అయిదు. పూర్వం సియాటిల్ జట్టును జగజ్జేతగా నిలిపినవాడు. తరువాత డెన్వర్ జట్టు వద్దనుకుని విడిచిపెట్టినవాడు. రెండవవాడు జస్టిన్ ఫీల్డ్స్. ఇరవై అయిదేళ్ళవాడు, పాదవేగంలో అసమానుడు. 2021 ఎంపికలో పదకొండవ స్థానంలో అతణ్ణి ఎన్నుకున్న షికాగో జట్టే, మరొక యువకునికి చోటు కల్పించడానికి అతణ్ణి స్వల్పమూల్యానికి ఇచ్చివేసింది. ఇద్దరూ తిరస్కృతులే. ఇద్దరికీ ఇది పునఃప్రతిష్ఠావకాశమే.

ఆగస్టు చివర శిక్షకుడు మైక్ టామ్లిన్ జ్యేష్ఠుణ్ణే ప్రకటించాడు. కానీ తొలి పోటీకి ముందే విల్సన్ పిక్క కండరం మళ్ళీ పట్టేసింది. ఫీల్డ్స్ బరిలోకి దిగాడు. ఆరు పోటీలలో నాలుగు గెలిచాడు. అయిదుమార్లు బంతి విసిరి, మరి అయిదుమార్లు స్వయంగా పరుగెత్తి గమ్యం చేర్చాడు. అతడు విసిరిన బంతి శత్రుహస్తగతమైనది ఒక్కమారే. నేనతని పక్షపాతినైపోయాను. ఒక ఆదివారం ఎనిమిదేళ్ళ బాలుడొకడు అర్చనకు వచ్చి, “జస్టిన్ ఫీల్డ్స్ పేరు మీద చేయండి” అన్నాడు. అలవాటు చొప్పున “గోత్రం?” అని అడిగాను. వాడు తల్లి ముఖం చూశాడు. గోత్రం తెలియనివారికి కాశ్యపస గోత్రం చెప్పే సంప్రదాయం మనకుంది కనుక ఆనాటి సంకల్పం నిర్విఘ్నంగానే జరిగింది.

అక్టోబరు 13న ఫీల్డ్స్ లాస్ వేగాస్‌లో 32-13తో గెలిచాడు. ఆ వారంలోనే విల్సన్‌కు ఆరోగ్యం చేకూరిందనీ, తదుపరి పోటీకి అతణ్ణే నిలపబోతున్నారనీ వార్తలు వచ్చాయి. నాకు ఆగ్రహం కలిగింది. గెలిచినవాణ్ణి ఎలా తొలగిస్తారు? కష్టకాలంలో భారం మోసినవాడు ఒకడు, సుఖకాలంలో ఆసనం అధిరోహించేవాడు మరొకడా? “ఇది అధర్మం” అని మా ఇంట్లో భోజనాల వేళ బిగ్గరగానే అన్నాను.

ఇక్కడ నా స్వవిషయం చెప్పక తప్పదు. ఆ సంవత్సరం జూలైలో నా కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. నేలమీద కూర్చోలేను, ఎక్కువసేపు నిలబడలేను. మా ఆలయంలోని యువార్చకుడు, ముప్పై ఏళ్ళు దాటనివాడు, శ్రావణమాసపు వ్రతాలు, వినాయక చవితి, శరన్నవరాత్రులు అన్నీ తన భుజస్కంధాలపై వేసుకుని నడిపాడు. ఒక్క లోపం రాలేదు. విజయదశమి ముగిసిన వారానికి వైద్యుడు నాకు అనుమతినిచ్చాడు. ఆలయ నిర్వాహకులు వినయంగా ప్రశ్నించారు: “కార్తీక సోమవారాల మహన్యాసపూర్వక రుద్రాభిషేకాలకు ప్రధానాచార్యులుగా ఎవరి పేరు ప్రకటించమంటారు?”

“నేను వచ్చేశాను కదా!” అన్నాను. క్షణమైనా ఆలోచించలేదు.

నా సహధర్మచారిణి ఆ సంభాషణ విన్నది. భోజనాల వేళ నా ఆగ్రహోపన్యాసమూ విన్నది. మజ్జిగ వడ్డిస్తూ నెమ్మదిగా అన్నది: “ఏమండీ, అక్కడ కుర్రాణ్ణి తీసేస్తే అధర్మమన్నారు. ఇక్కడ కుర్రాణ్ణి తీసేసి మీరు కూర్చుంటున్నారు. ఊరికో న్యాయమా?”

నా వద్ద సమాధానం లేదు. దూరదర్శినిలో నేను ఫీల్డ్స్ పక్షం. గర్భాలయంలో నేనే విల్సన్. నాది కాని స్థానాన్ని గూర్చి యౌవనానికి న్యాయం కోరాను. నాదైన స్థానాన్ని గూర్చి జ్యేష్ఠత్వాన్ని శాసనంగా భావించాను. నలభై ఏళ్ళుగా నిర్మమత్వాన్ని గూర్చి ప్రవచనాలు చెప్పిన నాలుకకు ఆ రాత్రి మజ్జిగ రుచించలేదు.

ఆ వారంలోనే మా అబ్బాయి మరొక వార్త చెప్పాడు. విలేఖరులు ప్రశ్నించగా ఫీల్డ్స్ ఎవరినీ నిందించలేదట. తాను తగినంత బాగా ఆడలేదనీ, ఆడి ఉంటే ఈ ప్రశ్నే ఉదయించేది కాదనీ అన్నాడట. నేను అతని పక్షాన రోషం వహిస్తున్నాను; అతడు తన లోపాన్ని తాను చూసుకుంటున్నాడు. మా యువార్చకుడు కూడా అంతే. నా నిర్ణయం విని, “మీరు వచ్చారు, అదే చాలు గురువుగారూ” అన్నాడు. ఆ మాటలో కోపం ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అక్టోబరు 20, ఆదివారం రాత్రి. ఏకాంతసేవ ముగించుకుని ఇంటికి వచ్చి న్యూయార్క్ జెట్స్‌తో పోటీ చూశాను. పూర్వార్ధంలో విల్సన్ తడబడ్డాడు. సత్యం చెప్పాలంటే, నాలో ఎక్కడో సంతోషం కలిగింది. విరామానికి జెట్స్ 15-13తో ముందున్నారు. ఉత్తరార్ధంలో అతడు ఆకాశాన్ని తాకే దీర్ఘమైన విసరులతో ఆటను మార్చివేశాడు, 37-15తో విజయం. మరుసటి వారాలలో లెక్క వేసి చూశాను. ఫీల్డ్స్ ఆరంభించిన ఆరు పోటీలలో జట్టు సాధించినవి సగటున 20 పైచిలుకు అంకాలు. విల్సన్ ఆరంభించిన తొలి ఏడు పోటీలలో 28 పైచిలుకు. శిక్షకుడు చూసినది జ్యేష్ఠత్వాన్ని కాదనీ, జయాపజయాలను సైతం కాదనీ అప్పుడు బోధపడింది. గెలుస్తున్న జట్టులో ఉన్న కొరతను అతడు చూశాడు. గెలిచినవాడు గెలుపు వెనుక లోపాన్ని చూడటం దుష్కరం. అభిమాని చూడటం మరింత దుష్కరం.

అయితే దీనినుండి నాకు అనుకూలమైన పాఠం తీసుకోవచ్చు కదా! “జ్యేష్ఠుడు తిరిగి వస్తే మేలే జరిగింది” అని. మనస్సు ఆ యుక్తిని సిద్ధం చేసే ఉంచింది. కానీ నన్ను నేను వేసుకోవలసిన ప్రశ్న వేరు: మహన్యాసం మూడు గంటలు నిశ్చలంగా కూర్చుని చేయించగల శరీరం నాకున్నదా? లేదు. మోకాలి నొప్పి మీద ధ్యాస పోతే స్వరం మీద ధ్యాస నిలుస్తుందా? నిలవదు. వేదిక మీద నా పేరు ఉండాలన్న కోరికను తీసివేస్తే, నా వాదంలో ఇంకేమీ మిగలలేదు.

నిర్వాహకులకు ఫోన్ చేసి మా యువార్చకుని పేరే చెప్పాను. నేను పక్కన కుర్చీలో ఋత్విక్కుగా కూర్చున్నాను. మొదటి కార్తీక సోమవారం చమకంలో ఆరవ అనువాకం వద్ద అతడొక లిప్తకాలం ఆగాడు. ఒకే పోలికగల పదాలు వరుసగా వచ్చే చోటు అది. ఎంతటివారికైనా జారుడు మెట్టు. అందించాలని నా పెదవులు కదిలాయి. ఆ రేడియో నియమం గుర్తుకు వచ్చింది. ఊరకున్నాను. ఒక్క శ్వాస కాలంలో అతడే అందుకున్నాడు, స్వరం చెదరలేదు. అభిషేకజలం శివలింగం మీదుగా జారుతుండగా నా కన్నులు చెమర్చాయి. అది ఆనందమే అని చెప్పుకోవడానికి ఇప్పటికీ సందేహిస్తాను. అందులో కొంత బాధ కూడా ఉన్నది.

ఇక ఆ జట్టు సంగతి. పదమూడు పోటీలలో పది గెలిచిన తరువాత, సాధారణ ఋతువులో చివరి నాలుగూ వరుసగా ఓడింది. 2025 జనవరి 11న బాల్టిమోర్‌లో 28-14తో ఓటమి పొంది నిష్క్రమించింది. ఆ వసంతంలో ఇద్దరూ పిట్స్‌బర్గ్ విడిచారు; ఫీల్డ్స్ జెట్స్‌కు, విల్సన్ జెయింట్స్‌కు. ఆ పీఠం ఎవరికి దక్కిందనుకున్నారు? ఆరన్ రాడ్జర్స్‌కు. అక్టోబరు 20 రాత్రి ప్రతిపక్షాన నిలిచి విల్సన్ చేతిలో ఓడినవాడు ఈ రాడ్జర్సే! ఇక్కడ ఇద్దరిలో ఎవరిదని మేము వాదించుకుంటున్న వేళ, మూడవవాడు అదే మైదానంలో, ఎదురువైపున ఉన్నాడు. 2025 సెప్టెంబరులో జెట్స్‌తో జరిగిన తొలి పోటీలోనే రాడ్జర్స్ ఫీల్డ్స్‌పై 34-32తో గెలిచాడు. ఆ ఋతువు సగం గడవకముందే విల్సన్, శరత్కాలం ముగియకముందే ఫీల్డ్స్, తమ తమ కొత్త జట్లలోనూ స్థానభ్రష్టులయ్యారు.

మరి శిక్షకుని నిర్ణయం సరియైనదా, కాదా? ఏడు వారాలకు సరియైనదిగా, తరువాతి అయిదు వారాలకు కానిదిగా కనిపించింది. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచడం మానుకోవాలని నేను పుస్తకాలలో చదివాను, ఇతరులకు బోధించాను. ఈ ఒక్క ఋతువులో చూశాను. ఆ దినాన తనకు తెలిసినంతలో, జట్టు హితం కోరి నిర్ణయించాడా? అని మాత్రమే అడగగలం. నా నిర్ణయానికీ అదే కొలత. రేపు మా యువార్చకుడు వేరొక ఆలయానికి వెళ్ళిపోవచ్చు. నా మోకాలు పూర్తిగా స్వస్థత పొందవచ్చు. అప్పుడు ఆ ఆసనం వద్దకు మూడవవారు ఎవరో వస్తారు. ఆ వ్యక్తి ఇప్పటికే ఏదో పాఠశాలలో, ఆరవ అనువాకం వద్ద తడబడుతూ, మొదటినుండి మళ్ళీ వల్లిస్తూ ఉండి ఉంటాడు.

ఆ బాలుడు మొన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎవరి పేరు మీద అని అడిగాను. కాసేపు ఆలోచించి, “అందరి పేరు మీదా” అన్నాడు. గోత్రం అడగలేదు.

స్వస్తి.