పులితో చెలిమి చేసిన చెంద్రూ

బైలడిల్లా గనులలో ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి కూడా, బస్తరు అడవులలో చిత్రీకరించిన ఒక స్వీడిష్ చలనచిత్రం సంగతి ఈమధ్య వరకు నేనెరుగను. మా అబ్బాయి కంప్యూటరులో చూపించాడు. ఆంగ్లంలో దాని పేరు 'ది ఫ్లూట్ అండ్ ది యారో'. 1957లో వచ్చింది. దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ అప్పటికే ఒక లఘుచిత్రానికి ఆస్కార్ అందుకున్నవాడు. సంగీతం పండిట్ రవిశంకర్‌ది.

అందులోని బాలుడు నారాయణపూర్ దగ్గర గఢ్‌బెంగాల్ గ్రామానికి చెందిన మురియా గోండు, చెంద్రూ మండావి. పులితో అతడికున్న చనువు చూసి మా ఇంటిల్లిపాదీ నివ్వెరపోయాము. నన్ను కట్టిపడేసినది మాత్రం పులి కాదు, ఆ పిల్లవాడి చూపు. కెమెరా వెనుక ఉన్న పరదేశీయుల పట్ల అందులో ఇసుమంతైనా శంక లేదు. చిత్రం పూర్తయ్యాక వారు చెంద్రూను స్వీడనుకు తీసుకువెళ్ళి, కొంతకాలం ఉంచుకున్నారు. అతడి ఛాయాచిత్రాల పుస్తకం దేశదేశాలలో పిల్లలు చదువుకున్నారు. చెంద్రూ మాత్రం తిరిగి తన పల్లెకే చేరి, పేదరికంలోనే బ్రతుకీడ్చి, 2013లో కన్నుమూశాడు.

సుక్స్‌డార్ఫ్‌ను నిందించబోయి ఆగిపోయాను. కారణముంది.

చాలా ఏళ్ళ క్రిందట, కొత్తగా కెమెరా కొన్న రోజులలో, బచేలి వారపు సంతలో చింతపండు అమ్ముతున్న ఒక తల్లిని, ఆమె కొడుకును ఫొటో తీశాను. ఎనిమిదేళ్ళుంటాయేమో వాడికి. "మాకిస్తారా?" అని వచ్చీరాని హిందీలో అడిగాడు. "వచ్చే సంతకు తెస్తాను" అన్నాను. ఆ తల్లి సంతోషంతో దోసెడు చింతపండు నా సంచిలో వేసింది. డబ్బివ్వబోతే తీసుకోలేదు.

తరువాతి సంతనాడు నాకు డ్యూటీ పడింది. రీలులో ఇంకా పది ఫొటోలు మిగిలి ఉన్నాయి. అవి మా అమ్మాయి పుట్టినరోజుకని దాచాను. (అప్పట్లో రీలంటే మనకెంత పొదుపో పాఠకులకు తెలియనిది కాదు!) జగదల్‌పూర్‌లో కడిగించేసరికి వానలు మొదలయ్యాయి. ఒక పిల్లవాడు మూడు సంతలు వరుసగా "ఫొటో బాబు రాలేదా?" అని అడిగాడని మా సహోద్యోగి చెప్పాడు. ఫొటోలు పట్టుకొని వెళ్ళాను. ఆ చోట వేరెవరో కూర్చుని ఉన్నారు. అడిగి తెలుసుకుందామంటే, ఏమని అడగను? వాళ్ళ ఊరు గాని, వాడి పేరు గాని నేను కనుక్కోనే లేదు.

ఆ ఫొటో మా ఆల్బములో, మా పిల్లల తిరుపతి ఫొటోల ప్రక్కన ఇప్పటికీ ఉంది. వాడు తిన్నగా నావైపే చూస్తున్నాడు.